తొయొసు వేలంపాట, త్సుకిజి వీధులు: టోక్యో చేపల బజారులో నా అనుభవం

టోక్యోలోని తొయొసు మార్కెట్‌లో ట్యూనా చేపల వేలాన్ని దగ్గరి నుంచి చూడాలంటే ముందు నెలలోనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి; ఆ తర్వాత లాటరీలో పేరు రావాలి. తిరుమల ఆర్జిత సేవల లక్కీ డిప్‌కు అలవాటుపడిన మా కుటుంబానికి ఈ పద్ధతి కొత్తగా అనిపించలేదు. పేరు రానివారు పై అంతస్తులోని అద్దాల నడవా నుంచి ఏ అనుమతీ లేకుండా వేలాన్ని చూడవచ్చు, కానీ అంత ఎత్తుకు పాట సరిగా వినిపించదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకన్నది పాత చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది. 1935 నుంచి ఈ టోకు మార్కెట్ త్సుకిజిలో ఉండేది. అక్కడ సందర్శకులు వేలం జరిగే చోటికే వచ్చి, ఫ్లాష్ వెలిగించి ఫొటోలు తీస్తూ, చేపలను చేతులతో తాకుతూ వ్యాపారులను ఇబ్బంది పెట్టడంతో 2008 చివర్లో కొంతకాలం వారి రాకను నిషేధించాల్సి వచ్చింది. 2018 అక్టోబరు 11న తొయొసులో ప్రారంభమైన కొత్త మార్కెట్‌లో సందర్శకుల దారిని పని జరిగే స్థలం నుంచి పూర్తిగా వేరు చేశారు. దీనివల్ల సందడి తగ్గిందని వాపోయేవారు ఉన్నారు గానీ, తెల్లవారకముందే లక్షల యెన్‌ల బేరం కుదుర్చుకునే మనుషుల మధ్య మనం తిరగకపోవడమే మర్యాద అని నా అభిప్రాయం.

డ్రైవరు లేకుండా నడిచే యురికమోమె రైలు షిజోమే స్టేషన్‌లో మార్కెట్ పక్కనే దింపుతుంది. అయితే తొలి రైలును నమ్ముకుంటే సమయం ఇరుకవుతుందని మేము నడకదూరంలోనే బస చేశాము. గుర్తింపు కోసం పాస్‌పోర్టు చూపించాక మమ్మల్ని బృందంగా వేలం పక్కనున్న సందర్శకుల వేదికకు తీసుకువెళ్ళారు. ఒక్కో బృందానికి దొరికేది సుమారు పది నిమిషాలే. ఎర్రని మాంసం రంగు స్పష్టంగా తెలియడానికి నేలకు ఆకుపచ్చ రంగు వేశారు. ఆ నేలపై తోకలు కోసిన ట్యూనాలు వరుసగా పడి ఉన్నాయి. కొనుగోలుదారులు టార్చిలైటు వేసి కోసినచోట పరిశీలిస్తూ, చిన్న ముక్కను వేళ్ళ మధ్య నలిపి కొవ్వు ఎంతుందో అంచనా వేసుకుంటున్నారు. గంట మోగగానే వేలం నడిపే వ్యక్తి లయబద్ధంగా ధరలు పాడసాగాడు. కొనేవారు నోరు విప్పకుండా వేళ్ళ సైగలతోనే ధర చెబుతుండగా, ఒక్కో చేప కొన్ని సెకన్లలో చేతులు మారిపోయింది. 2019 జనవరి 5న, ఈ భవనంలో జరిగిన మొదటి నూతన సంవత్సర వేలంలో, 278 కిలోల ట్యూనా 33.36 కోట్ల యెన్‌లకు అమ్ముడైంది. ఫ్లాష్ వాడవద్దని ముందే చెప్పారు. మా బృందంలో ఎవరూ గొంతు పెంచలేదు.

అక్కడి నుంచి త్సుకిజికి వెళ్ళాము. టోకు వ్యాపారం తరలిపోయినా బయటి బజారులోని చిల్లర దుకాణాలు అక్కడే కొనసాగుతున్నాయి. ఉదయం పూట హోటళ్ళవారు సరుకు కొనుక్కునే సమయం కాబట్టి మామూలు సందర్శకులను తొమ్మిది దాటాక రమ్మని కోరతారు. మేము ఆ మాట పాటించాము. విశాఖ ఫిషింగ్ హార్బరులో మొప్పలు ఎత్తి చూసి, వేలితో నొక్కి, ఆపైన ధర తగ్గించమని గట్టిగా అడిగి కొనే అలవాటున్న నాకు, ఇక్కడ చేతులు కట్టుకుని నిలబడటమే అన్నిటికంటే కష్టమైంది. సరుకును తాకరాదు, బేరమాడరాదు. కావలసినదాన్ని చూపిస్తే దుకాణదారే తీసి ఇస్తాడు, డబ్బు అతని చేతికి కాక చిన్న పళ్ళెంలో పెట్టాలి.

నడుస్తూ తినడం కూడా అక్కడ పద్ధతి కాదు. పుల్లకు గుచ్చిన తీపి గుడ్డు అట్టును కొన్నచోటే నిలబడి తిని, పుల్లను, కాగితాన్ని ఆ దుకాణానికే తిరిగి ఇచ్చాము. వీధిలో చెత్తబుట్టల కోసం వెతకడం వృథా. సందులు ఇరుకు కావడంతో, సరుకుల బండ్లకు అడ్డం రాకుండా పెద్ద పెట్టెలను బసలోనే ఉంచి రావడం మంచిది. కత్తుల దుకాణంలో ఫొటో తీయవచ్చా అని సైగతో అడిగితే యజమాని చేయి అడ్డంగా ఊపాడు. మేము ఫోను లోపల పెట్టి, ఒక చిన్న కత్తి కొనుక్కున్నాము. వెళ్ళదలచినవారు మార్కెట్ క్యాలెండరును తప్పక చూసుకోవాలి, ఎందుకంటే ఆదివారాలతో పాటు చాలా బుధవారాల్లోనూ తొయొసు మూసి ఉంటుంది, ఆ రోజుల్లో త్సుకిజిలోనూ అనేక దుకాణాలు తెరవరు.