చుక్కలు కనిపిస్తేనే చంద్రశిల

మాది అనంతపురం. మార్చి నెలాఖరుకే ఇక్కడ పొద్దున పదిగంటలకి ఎండలో పెట్టిన బండి సీటు మీద కూర్చోలేం, అట్లాంటి ఊర్లో పుట్టి పెరిగిన నాకు తెలిసిన మంచు ఒకటే, పప్పుశనగ చేన్లో రాత్రిపూట పడే మంచు. నల్లరేగడిలో వానలు పోయినాక శనగ ఆ నేల తేమకి, ఆ మంచుకే పండుతుందని మా వైపు అందరూ అంటారు. "మబ్బు పట్టిన రాత్రి మంచు పడదురా" అని నాన్న ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఆ మాట హిమాలయాల్లో చంద్రశిల శిఖరం ఎక్కేటప్పుడు నాకు పనికొచ్చింది, అందుకే ఇదంతా రాస్తున్నా.

పోయిన మార్చి చివర్లో నేను, మా బావమరిది, ఇంకో ఫ్రెండు ముగ్గురం ఉత్తరాఖండ్ పోయినాం. కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో అనంతపురంలో ఎక్కి ఢిల్లీ, ఆడినుంచి రిషికేశ్, రుద్రప్రయాగ, ఉఖీమఠ్ మీదుగా చోప్తా. చోప్తా నుంచి తుంగనాథ్ గుడి నాలుగు కిలోమీటర్ల లోపే, 3,680 మీటర్ల ఎత్తు, పంచకేదారాలనే అయిదు శివుడి గుళ్ళలో అన్నిటికన్నా ఎత్తైంది ఇదే. దానిపైన ఇంకో కిలోమీటరున్నర ఎక్కితే చంద్రశిల, దాదాపు 4,000 మీటర్లు. చలికాలం గుడి మూసేసి స్వామిని కింద మక్కూమఠ్‌కి తీసుకుపోతారు, మేం పోయినప్పటికి ఇంకా తలుపులు తెరవలేదు. కింద అడవిలో బురాంశ్ పూలు ఎర్రగా విరగబూసి ఉన్నాయి, అవి చూసి చలి అయిపోయింది, ఇంక మంచు ఏముంటుందిలే అనుకున్నాం. అదే మా మొదటి తప్పు.

మొదటిరోజు టీ తాగి, పరాటా తిని, ఫోటోలు తీసుకుని బయల్దేరేటప్పటికి తొమ్మిదిన్నర. దూరం అయిదు కిలోమీటర్లే కదా, పెనుకొండ కొండ ఎన్నిసార్లు ఎక్కలేదు అనే ధైర్యం. గుడి దాకా రాళ్ళు పరిచిన దారి, కొంతమేర పొడిగా, కొంతమేర మంచు కింద, మెల్లగా పోయినాం. గుడి దాటినాక అసలు కథ మొదలైంది. అప్పటికి పన్నెండు దాటింది, ఎండ చురుక్కుమంటా ఉంది, మంచు పైపైన గట్టిగా కనిపిస్తుంది, కాలు పెడితే ఒక్క క్షణం ఆగుతుంది, బరువు మొత్తం దానిమీద వేసేటప్పటికి కుయ్యిమని మోకాలి దాకా దిగబడుతుంది. ఇంకో కాలు తియ్యి, మళ్ళీ అదే. పది అడుగులకి ఊపిరి అందదు. ఒక పెద్ద బండరాయి కనిపిస్తే దాని పక్కన కాసేపు నిలబడదామని పోయినా, అంతే, కుడికాలు తొడ దాకా లోపలికి పోయింది, కింద ఏమీ తగల్లేదు, ఉత్త ఖాళీ. పైన పెచ్చు కట్టిన మంచు అంచు పిక్కని గీరేసింది, ప్యాంటు మీద నుంచే రక్తం. గుంజితే షూ లోపలే ఉండిపోయేట్టుంది. మాతో వచ్చిన గైడు, అక్కడి సారి అనే ఊరి మనిషి, "గుంజొద్దు సాబ్, వెనక్కి కూర్చోండి" అని నన్ను మంచుమీదనే కూర్చోబెట్టి, షూ చుట్టూ కర్రతో, చేతుల్తో తవ్వి కాలు బయటికి తీసినాడు.

తరువాత చెప్పినాడు ఎందుకట్లైందో. నల్లటి రాయి ఎండకి వేడెక్కుతుంది, దాన్ని ఆనుకున్న మంచు ముందు కరుగుతుంది, లోపల గుల్లైపోతుంది, పైన మాత్రం చక్కగా తెల్లగా మూసుకునే ఉంటుంది. చెట్టు మొదళ్ళ దగ్గర కూడా అంతే, పొదల మీద కూడా అంతే. అంటే మనకి ఆసరాగా కనిపించే చోటే మోసం. రాయి దగ్గరికి పోవాలంటే ముందు కర్ర పొడిచి చూడాలి. మంచు కింద నీళ్ళ చప్పుడు వినిపించిందా, కింద వాగు పారతా ఉందని అర్థం, పైన ఉన్నది వంతెన మాత్రమే, దానిమీద నడవకుండా చుట్టుతిరిగి పోవాల్సిందే.

చంద్రశిల కళ్ళ ముందరే ఉంది. బావమరిది "ఇంకొంచెమే కదా బావా" అన్నాడు. గైడు మాత్రం పక్కనున్న ఏటవాలు వైపు చూపించినాడు, ఎవ్వరూ తాకకుండానే చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే కిందికి దొర్లుకుంటా వస్తున్నాయి, వెనకాల గీతలు పడతా ఉన్నాయి. తడిసిన మంచు బరువెక్కి పట్టు వదులుతుందని గుర్తంట అది, ఆ టైములో అట్లాంటి వాలు కింద నిలబడకూడదు, మొత్తం జారొచ్చు. వెనక్కి తిరిగినాం. అంత దగ్గరికి పోయి తిరిగి రావడం కష్టమే, నాకైతే ఏడుపొచ్చినంత పనైంది, కానీ ఆ మనిషి మాట విన్నందుకు ఈరోజుకీ సంతోషం.

రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని అడిగినా, రేపు కుదురుతుందా అని. ఆయన లేచి బయటికి పోయి ఆకాశం చూసి వచ్చి "తారలు కనిపిస్తున్నాయి, కుదురుతుంది, మూడున్నరకి తయారుగా ఉండండి" అన్నాడు. తారలకీ దీనికీ ఏం సంబంధం అని ఫ్రెండు అడుగుతుంటే నాకు నాన్న మాట గుర్తొచ్చింది. రెండూ ఒకటే! ఆకాశం తేటగా ఉంటే నేల తనలోని వేడినంతా పైకి వదిలేస్తుంది, చల్లబడుతుంది, మా చేన్లో అయితే ఆకుల మీద మంచు కూడుతుంది, ఇక్కడైతే పగలు కరిగి మంచులోకి ఇంకిన నీళ్ళు మళ్ళీ గడ్డకడతాయి. మబ్బుంటే దుప్పటి కప్పినట్టు వేడి లోపలే ఉండిపోతుంది, మంచు సరిగ్గా గట్టిపడదు, అట్లాంటప్పుడు తెల్లారుజామున లేచి పోయినా పెద్ద ఉపయోగం ఉండదు. ఎండాకాలం ముందర ఉండే మంచంతా ఇట్ల రోజూ కరగడం రోజూ గడ్డకట్టడమే, అందుకే అది కొత్త మంచులాగా పిండిగా ఉండదు, చేతిలోకి తీసుకుంటే రాళ్ళుప్పులాగా గరుగ్గా పెద్ద పెద్ద పలుకులు.

మూడున్నరకి తలకి లైట్లు కట్టుకుని బయల్దేరినాం. నిన్న దిగబడిన చోటే ఇప్పుడు సిమెంటు రోడ్డు. కాలు పెడితే కరకర శబ్దం, అంతే. కానీ ఇది సుఖం అనుకోవద్దు, దీంట్లో వేరే ప్రమాదం, జారితే ఆగేదుండదు. నిన్న మధ్యాన్నం పడిన అడుగుల గుంతలన్నీ గాజుగిన్నెల్లాగా గడ్డకట్టి ఉన్నాయి, వాటిల్లో కాలు పెడితే పక్కకి తిరుగుతుంది. షూకి తొడుక్కునే ముళ్ళ చైన్లు, మైక్రోస్పైక్స్ అంటారు, కిందనే బాడుగకి దొరుకుతాయి, అవి లేకుంటే గుడి దాటి పైకి పోవద్దని నేనైతే గట్టిగా చెప్తా. అవి కూడా ఈ దారికి సరిపోతాయి గానీ నిటారు వాలుకి చాలవు, దానికి క్రాంపాన్లు అంటే బూట్లకి కట్టుకునే పెద్ద ఇనుప ముళ్ళు, ఐస్ యాక్స్ అంటే మంచుగొడ్డలి, వాటిని వాడడం నేర్చుకోవడం ఉండాలి.

ఆరున్నరకంతా పైన ఉన్నాం. చౌఖంబా శిఖరం మీద ముందు ఎరుపు, తరువాత బంగారం రంగు, నందాదేవి, త్రిశూల్ గైడు ఒక్కోటి చూపిస్తుంటే మాట రాలేదు. నాన్నకి వీడియో కాల్ చేద్దామంటే సిగ్నల్ లేదు.

వెంటనే దిగలేదు. దిగేటప్పుడు వాలు మీద ఎండ పడి పైన ఒక్క అంగుళం మెత్తబడేదాకా ఆగాలంట, అప్పుడు మడమ దిగి పట్టు దొరుకుతుంది. తూర్పు వైపు వాలు ముందు మెత్తబడుతుంది, ఉత్తరం వైపుది చాలాసేపు గాజులాగానే ఉంటుంది, ఒకే కొండ మీద నాలుగు పక్కలా నాలుగు రకాలు. ఆ మెత్తబడిన టైము గంట, గంటన్నర కంటే ఎక్కువ ఉండలేదు.

ఇంకో ముఖ్యమైన విషయం కళ్ళు. కొత్త మంచు అల్ట్రావయొలెట్ కిరణాల్ని 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. మా ఫ్రెండు మొదటిరోజు కూలింగ్ గ్లాసెస్ బ్యాగులోనే పెట్టేసినాడు, రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టుందని నీళ్ళు కారతా పడుకోలేకపోయినాడు, రెండోరోజు పైకి రాలేకపోయినాడు పాపం. నాకు గడ్డం కింద, ముక్కుపుటాల లోపల కూడా కాలింది, ఎండ కిందనుంచి కూడా కొడుతుందని మనకి ఆలోచన రాదు కదా. సన్‌స్క్రీన్ ఆడ కూడా రాసుకోండి.

తొమ్మిదిన్నరకి గుడి కిందికి వచ్చేటప్పటికి ఒక కుటుంబం ఎదురైంది, కాన్వాస్ షూలు, ఎనిమిదేళ్ళ పిల్లోడు, చంద్రశిల ఇంకెంత దూరం అని అడిగినారు. దూరం చెప్పలేదు. నా ప్యాంటు పైకెత్తి పిక్క మీద గాయం చూపించి, గుడి దాకా పోయి వచ్చెయ్యండి, పైకి రేపు తెల్లారుజామున పోండి అని చెప్పినా. ఆయన పిల్లోడి షూ వైపు చూసి సరే అన్నాడు. వాళ్ళు పోతా ఉంటే వెనక్కి తిరిగి చూసినా, చీకట్లో మేం ఎక్కిన మంచు అప్పుడే మెత్తబడి, స్పైక్స్ గుచ్చుకున్న చిన్న చిన్న బొక్కల్లో నీళ్ళు నిలబడి మెరుస్తా ఉన్నాయి.