బ్లాంకు చేశారా?

నిన్న మధ్యాహ్నం మూడింటికి నా పీహెచ్‌డీ థీసిస్‌కి కమిటీ వాళ్ళు సరే అన్నారు. ఇంటికొచ్చి చొక్కా కూడా మార్చకుండా రాస్తున్నా. వారం ఆగితే కోపం చల్లారిపోయి, ఈ కథలో నేనే హీరోనైపోతా.

నెల్లూరులో ఓ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తా. నలభై దాటాక పీహెచ్‌డీ పిచ్చి పట్టింది. కానుగ నూనెని మిథైల్ ఎస్టర్లుగా (బయోడీజిల్ రూపం అన్నమాట) మార్చి, మాంగనీస్ డయాక్సైడ్ వేసి గాలితో ఆక్సీకరించడం నా పని. కానుగ నూనెలో సగం దాకా ఓలియిక్ ఆమ్లమే. దాని 18 కార్బన్ల గొలుసులో సరిగ్గా నడిమధ్య ఓ ద్విబంధం ఉంటుంది. అక్కడ తెంచితే తొమ్మిదేసి కార్బన్లతో అజెలాయిక్, పెలార్గానిక్ అని రెండు ముక్కలొస్తాయి. అజెలాయిక్‌కి పాలిమర్లలో, ప్లాస్టిసైజర్లలో మంచి గిరాకీ. ఫ్యాక్టరీల్లో ఈ కోతకి ఓజోన్ వాడతారు. ఓజోన్ తయారు చెయ్యాలంటే బోలెడు కరెంటు. గాలితో, గుప్పెడు నల్లపొడితో పనైపోతే ఎంత బాగుండు అని ఆశ.

మొదట్లో అంతా సాఫీగానే సాగింది. కనిగిరి పక్క పల్లెలో గానుగాయన దగ్గర ఐదు లీటర్లు కొన్నా. "మూత బిగించు సారూ, గాలి తగిల్తే ముదిరిపోద్ది" అన్నాడు. నవ్వి ఊరుకున్నా. ఆమ్లం ఎక్కువున్న నూనెలో తిన్నగా పొటాషియం హైడ్రాక్సైడ్ పోసినందుకు మొదటి విడత మొత్తం సబ్బయింది. రెండోసారి ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఓ వాయి తీశాక దారికొచ్చింది. పర్మాంగనేట్‌లో మాంగనీస్ సల్ఫేట్ పోస్తే నల్లటి మడ్డి దిగింది, కడిగి ఎండబెట్టా. గోళ్ళ సందుల్లో ఆ గోధుమరంగు పెళ్ళిళ్ళక్కూడా పోలేదు. గాలికి అక్వేరియం షాపులో కొన్న చిన్న పంపు. 80 డిగ్రీల దగ్గర 24 గంటలు. నూనెలో ద్విబంధాలెన్ని మిగిలాయో చెప్పే అయొడిన్ విలువ 86 నుంచి 61కి పడిపోయింది. ఆ రాత్రి మా ఆవిడకి బిరియానీ పార్సిల్ తెచ్చా.

ఇక సెమినారు. సార్ గొప్ప చూస్తారని థర్డ్ ఇయర్ పిల్లల్ని ఆరుగుర్ని వెంటబెట్టుకుపోయా. ఇరవై నిమిషాలు మాట్లాడా. బయట్నుంచి వచ్చిన పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటా అడిగాడు:

"బ్లాంకు చేశారా?"

"చేశా సార్. 48.6 మిల్లీలీటర్లు."

"అది నూనె వెయ్యకుండా చేసే టైట్రేషన్ బ్లాంకు. నేనడిగేది రియాక్షన్ బ్లాంకు. మీ పొడి వెయ్యకుండా ఉత్త గాలి పంపి చూశారా?"

నాకు నోట మాట రాలేదు. బ్లాంకు చెయ్యని రికార్డుకి సున్నా వేస్తానని ఏటా ఆ పిల్లల్నే బెదిరించేది నేను. వెనక బెంచీలో ఎవరో దగ్గు ఆపుకున్నారు. అది దగ్గు కాదని నాకు తెలుసు. పెద్దాయన ఇంకేమీ అన్లేదు, నా స్లైడ్ల కాగితం మడిచి పక్కన పెట్టాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడే కొత్త ఫ్లాస్కు తీసి, పొడి లేకుండా అదే పంపు, అదే వేడి, 24 గంటలు నడిపా. కరెంటు పోతుందేమోనని ల్యాబులోనే బల్ల మీద పడుకున్నా, దోమలకి పండగ. పొద్దున టైట్రేషన్ చేస్తే 63. టైట్రేషన్‌లో నా చెయ్యికి తిరుగులేదు, రెండు రీడింగులకి తేడా 0.1 దాటదు. అందుకే ఆ 63ని తప్పు లెక్కని తోసెయ్యడానికి కూడా లేకపోయింది. రెండేళ్ళ పనికి విలువ రెండు యూనిట్లు! ఆ రెండు కూడా నమ్మడానికి లేదు. నూనెలో పుట్టిన పెరాక్సైడ్లు టైట్రేషన్‌లో మనం వేసే పొటాషియం అయొడైడ్ నుంచి అయొడిన్‌ని విడిపించి, అసలు విలువ కంటే తక్కువ చూపిస్తాయి. పెరాక్సైడ్ విలువ కూడా పక్కన రాయనోడు నాలాగే మోసపోతాడు.

సంతకం పెట్టేముందు గైడు ఒక్కసారి టేబుల్ తిరగేసుంటే ఇదంతా ఉండేదా? ఆయనకి నామీద నమ్మకమట. చదవడానికి ఓపిక లేకపోవడానికి మనవాళ్ళు పెట్టిన ముద్దుపేరు అది.

తర్వాత గంటకోసారి శాంపిల్ తీశా. అప్పుడు దొరికింది. నాలుగు గంటల దగ్గర ఉత్త నూనె 85లోనే కూర్చుంది, పొడి వేసింది 77కి దిగింది. నా పొడి నూనెలో పుట్టే హైడ్రోపెరాక్సైడ్లని త్వరగా పగలగొట్టి గొలుసు చర్యని ముందే అంటిస్తోంది, అంతే. అంటుకున్నాక నూనె దాని పాటికది పోతుంది. కోత సంగతి ఆ దేవుడికెరుక, అజెలాయిక్ జాడ మాత్రమే కనిపించింది.

కమిటీలో ఇంకొకాయన వేడిమీదే వడకట్టి చూడమన్నాడు. పొడి తీసేశాక చర్య ఆగితే పొడి కరగనట్టట. గొలుసు చర్య ఒకసారి మొదలయ్యాక పొడి తీసినా అది ఆగదు మహాప్రభో! మూడు రోజులు దండగ. దానికి బదులు వడకట్టిన నూనెని మూసలో కాల్చి, బూడిదని నత్రికామ్లంలో కరిగించి, చిటికెడు సోడియం బిస్మతేట్ వేశా. గులాబీ రంగు తేలింది. పర్మాంగనేట్! పుట్టిన ఆమ్లాల్లో నా పొడి కొంత కరిగి మాంగనీస్ సబ్బుగా మారిందన్నమాట. పెయింటు త్వరగా ఆరడానికి కలిపేది ఈ జాతి సరుకే.

ఏ ముక్కలు పుట్టాయో విడదీసి చూపే జీసీ-ఎంఎస్ యంత్రానికి శాంపిళ్ళు పంపేవాళ్ళకి ఒక్క మాట: ఫారం మూడు జిరాక్సులు పెట్టుకోండి, కౌంటర్లో ఆయన భోజనానికి పోయాడంటే నాలుగు దాటాకే వచ్చేది.

థీసిస్ పేరులో 'ఉత్ప్రేరక విచ్ఛిత్తి' (పొడితో కోత) కొట్టేసి 'ప్రేరణ దశపై ప్రభావం' (చర్య అంటుకునే ముందు పట్టే టైము మీద) అని రాయించారు. నిన్న పెద్దాయన రెండో టేబుల్ దగ్గర వేలు పెట్టి, మొదటి వరసలో 'పొడి లేకుండా' అన్న మాట చూసి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. బైండింగాయన ఎల్లుండి సాయంత్రం రమ్మన్నాడు.