కాలువ కిందేనా?

చిన్నదాని సోషల్ పేపరు చూసినప్పటి నుంచి ఒళ్ళు మండుతోంది. "డెల్టా అనగానేమి?" అంటే అది "కాలువ నీళ్ళతో వరి పండే నేల" అని రాసింది. ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన "త్రిభుజాకారం" అని రాశారు. అర మార్కయినా వేయలేదు. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆయనకేం, మెట్ట మనిషి!

త్రిభుజమట! నైలు నది సముద్రంలో కలిసే చోటు తమ నాలుగో అక్షరం డెల్టా (Δ)లా ఉందని గ్రీకులు పెట్టుకున్న పేరది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలోనే హెరొడోటస్ ఆ పేరు వాడాడు. మరి ఆఫ్రికాలో, బోట్స్‌వానాలో ఒకవాంగో నది? అది సముద్రం ముఖమే చూడదు, మధ్యలోనే ఆవిరైపోతుంది. దాన్నీ డెల్టా అనే అంటారు. మిసిసిపీది పక్షిపాదం ఆకారమని పుస్తకాలే చెబుతాయి. వాటికి పడని కొట్టివేత మా పిల్లకెందుకు?

ఆ కోపంతోనే పటం తీశాను. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలి, సముద్రం దాకా విడిపోతూనే ఉంది. పైన కొస, కింద వెడల్పు. నైలు ఉత్తరానికి పారుతుంది కనుక పటంలో అది తలకిందులు; ఆ అక్షరం మన గోదావరికే బాగా నప్పింది. టీచరును పూర్తిగా తిట్టడానికీ లేదు. ఆనకట్ట పూర్తయింది 1852లో. కాలువలు లేని రోజుల్లోనూ, కరువుల్లోనూ ఆ త్రిభుజం అక్కడే ఉంది మరి.

మా తాతయ్యకు మాత్రం డెల్టా అంటే హోదా. పిన్నికి ఒక మంచి సంబంధం వచ్చింది. మెట్టలో పదెకరాలు, అబ్బాయికి ఉద్యోగం. తాతయ్య అడిగింది ఒకటే: "కాలువ కిందేనా?" కాదనగానే మధ్యవర్తికి మజ్జిగ ఇప్పించి పంపేశారు. కోనసీమలోనే రెండెకరాల వాళ్ళకు ఇచ్చారు. తీరా చూస్తే అది కాలువ శివారు. ఎగువవాళ్ళు తడుపుకున్నాక మిగిలితేనే వీళ్ళకు. దాళ్వాలో, అంటే రెండో పంటకు, వంతు నీళ్ళ కోసం బాబాయి రాత్రంతా తూము దగ్గరే కాపలా, పిన్ని అక్కడికే అన్నం పట్టుకెళ్ళేది. చిన్నదాని జవాబు పిన్ని దిద్దినా సున్నాయే వేసేదేమో.

ఆ మెట్టవాళ్ళు ఇప్పుడు బోర్లు వేసి ఆయిల్‌పామ్ పండిస్తున్నారు. పెళ్ళిళ్ళలో ఎదురైతే పిన్ని చూడనట్టు పక్కకు తిరుగుతుంది. తాతయ్యను మాత్రం ఎవరినీ ఒక్క మాట అననివ్వదు.