నాలుక మీద పుండు, చెవికున్న ట్యాగు

బుధవారం, రాత్రి

ఇవాళ కబేళాలో కోసిన పశువులను పరీక్షిస్తూ ఒక దున్నపోతు నాలుక దగ్గర ఆగిపోయాను. తెల్లవారుజామున బతికుండగా చూసినప్పుడు నడక బాగానే ఉంది, చొంగ కూడా కారలేదు. బర్రెలతో ఇదే టెన్షన్. నోట్లో, గిట్టల సందుల్లో బొబ్బలు లేపే గాలికుంటు వ్యాధి సోకినా ఆవుల్లో తెలిసినంతగా వీటిలో బయటపడదు. తల వేరు చేశాక నాలుక కడిగి లైటు కింద తిప్పి చూస్తే, ముందు భాగంలో రూపాయి బిళ్ళంత మేర పొర లేచిపోయి, కింద ఎర్రగా పచ్చిపుండు. గిట్టల సందులు కూడా చూద్దామంటే కాళ్ళు అప్పటికే కుప్పలో కలిసిపోయాయి. "ఏ కాళ్ళు దేనివో ఎట్ల చెప్పాలె సాబ్?" అన్నాడు కోసే భాయ్. నిజమే.

పుండు అంచులు పదునుగా ఉన్నాయి. అంటే బొబ్బ పగిలి రెండు మూడు రోజులై ఉంటుంది. వారం దాటితే అంచు చెరిగిపోయి, మానిన మచ్చ మిగులుతుంది. వైరస్ చేరాక బొబ్బ లేవడానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది. దున్నను అంగడిలో కొన్నది నిన్ననేనట. కాబట్టి జబ్బు అంగడిలోదో లారీలోదో కాదు, అంతకుముందే అంటుకుంది.

అంచున వేలాడుతున్న పొరను ఓ గ్రాము కత్తిరించి, గ్లిజరిన్ బఫర్ సీసాలో వేసి ఐసులో పెట్టాను. గుండె కోసి చూస్తే చారలేమీ లేవు, అయినా ఒక ముక్క ఫార్మలిన్‌లో వేశాను. దూడలకు సోకితే ఈ వైరస్ గుండె కండరాన్నే పడుతుంది, పులి చారల్లా గీతలు తేలతాయి. అవి నాలుక మీద పుండు లేవకముందే చచ్చిపోతుంటాయి.

ఈ జబ్బుతో మనుషులకు భయం లేదు, భయమంతా పశువులకే. కోశాక కండలో ఆమ్లం పెరిగి పీహెచ్ 6 కిందికి దిగితే వైరస్ అక్కడ చస్తుంది గానీ లింఫ్ గ్రంథుల్లో, మూలుగలో మిగులుతుంది. తల, గ్రంథులు, ఎముకలు బయటికి పోనివ్వలేదు.

ఉప్పల్ నుంచి మాసబ్‌ట్యాంక్ దాకా ట్రాఫిక్‌లో ఐసు కరుగుతుందేమోనని ఒకటే ఆరాటం. శాంతినగర్‌లోని పశువ్యాధుల పరిశోధన సంస్థ వీబీఆర్‌ఐలో శాంపిల్ ఇచ్చేశాను. ఈ వైరస్ రకాలైన ఓ, ఏ, ఏషియా-1లలో ఇది ఏదో ఎలైజా అనే ల్యాబ్ పరీక్షలో తేలాలి.

అన్నిటికన్నా విలువైనది చెవికున్న పసుపు ట్యాగు. ఏ ఊరి పశువో చెప్పే 12 అంకెల నంబరు దాని మీద ఉంటుంది. అది తలతోనే ఉండాలని నేను రోజూ గొడవపడేది ఇందుకే. అది పోతే జబ్బు పేరు తెలుస్తుంది, ఊరి పేరు తెలియదు. పశువులను ఊళ్ళకు ఊళ్ళే చంపిన ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) ఇక భూమ్మీదే లేదని 2011లో ప్రకటించగలిగారంటే, టీకాలొక్కటే కాదు, ఎక్కడ మిగిలిందో ఊరూరా వెతికారు కూడా.

ట్యాగును బట్టి ఊరు దొరికింది. ఆ మండలం పశువైద్యుడికి ఫోన్ చేసి, రిపోర్టు కోసం ఆగొద్దని బతిమాలాను. ఆ ఊరి పశువులను ఈ వారం అంగడికి తోలనివ్వకూడదు. చుట్టుపక్కల ఊళ్ళలో బాగున్న వాటికి టీకాలు వేసుకుంటూ లోపలికి రావాలి. పాలు తాగే దూడలున్న కొట్టాలకు పొద్దున్నే వెళ్తానన్నాడు.