కోవూరు కల్లంలో ట్రంపెట్, వయొలిన్ కొలతలు: ఇప్పటిదాకా

ట్రంపెట్ లెక్క తేలింది. గట్టిగా ఊదినప్పుడు సౌండ్ పవర్ లెవెల్ (వాద్యం అన్ని పక్కలకూ వదిలే మొత్తం శబ్దశక్తి) 101 డీబీ (డెసిబెల్స్), అంటే సుమారు 0.0126 వాట్లు. వయొలిన్ బలంగా వాయిస్తే 89 డీబీ, 0.0008 వాట్లు. తేడా 12 డీబీయే గానీ శక్తిలో అది 16 రెట్లు, ఆర్కెస్ట్రాలో వయొలిన్లు అంతమంది ఎందుకు కూర్చుంటారో దీన్నిబట్టే తెలిసిపోతుంది.

ఫలానా వాద్యం ఇన్ని డీబీ అని ఎవరన్నా చెబితే ఎంత దూరంలో, ఏ పక్కన, ఎలాంటి చోట అని అడగాల్సిందే. అదే ట్రంపెట్ కల్యాణ మండపంలో ఊదితే గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దం కూడా కలిసి మీటర్ ఎక్కువ చూపిస్తుంది, వాద్యం వదిలే శక్తి మాత్రం మారదు. నేను పట్టుకోవాలనుకున్నది ఆ శక్తినే.

అందుకే మావాళ్ల సిమెంటు కల్లం ఎంచుకున్నా. పెన్నా ఇసుకలో చోటు బోలెడంత ఉంది కానీ ఇసుక శబ్దాన్ని మింగేస్తుంది, ఈ పద్ధతికి గట్టి నేల కావాలి. బ్యాండు మేళం అన్నను మధ్యలో స్టూలు మీద కూర్చోబెట్టి, 4 మీటర్ల తాడుతో సుద్దముక్క పట్టుకుని వలయం గీసి, వెదురు గడలకు రకరకాల ఎత్తుల్లో గుర్తులు కట్టా. అన్నీ కలిపి అర్ధగోళం మీద 10 చోట్లు, ఒకటి సరిగ్గా నెత్తిన. ఆ అర్ధగోళం వైశాల్యం దాదాపు 100 చదరపు మీటర్లు కాబట్టి ఆ 10 చోట్ల కొలతల సగటుకు 20 డీబీ కలిపితే చాలు, సౌండ్ పవర్ లెవెల్ వచ్చేస్తుంది.

"ఎంత గట్టిగా ఊదాలబ్బాయా?" అన్నాడన్న. "పెళ్లి ఊరేగింపులో ఊదినంత" అన్నాను. గొట్టం ఎదురుగా 88, వీపు వెనక 74! సన్నటి స్వరాల్లో తేడా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే పై ఫ్రీక్వెన్సీలన్నీ ట్రంపెట్ గొట్టం మూతి నుంచి సూటిగా ముందుకే పోతాయి. సగటు 81, దానికి 20 కలిపితే 101. డీబీలను మామూలుగా కూడి భాగించకూడదు, ముందు శక్తిలోకి మార్చాలి: 80, 90ల సగటు 85 కాదు, 87.4.

కొలతలు తెల్లవారుజామునే పెట్టుకోండి. త్రీఫేజ్ కరెంటు వస్తే మోటార్ల రొద, మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి. చుట్టుపక్కల శబ్దం వాద్యం కన్నా కనీసం 10 డీబీ తక్కువ ఉండాలి, మైకుకు స్పాంజి తొడుగు తప్పనిసరి. మొదలుపెట్టే ముందు సరిగ్గా 94 డీబీ శబ్దం చేసే క్యాలిబ్రేటర్‌తో మీటర్ సరిచూసుకోవాలి.

తర్వాత పెద్ద డ్రమ్ము. దానికి ఏ-వెయిటింగ్ (చెవికి వినిపించే తీరుకు తగ్గట్టు మీటర్ రీడింగును సవరించే సెట్టింగు) పనికిరాదు, 63 హెర్ట్జ్ దగ్గర 26 డీబీ కోసేస్తుంది. 1931లో బెల్ లేబొరేటరీస్ వాళ్ల కొలతల్లో పెద్ద డ్రమ్ము దెబ్బ పీక్ (క్షణకాలపు గరిష్ఠం) 25 వాట్ల దాకా పోయింది. అంత పీక్‌ను తట్టుకునే మీటర్ అరువు దొరగ్గానే దించుతా.