లూట్రోకి చివరి పడవ ఎన్నింటికి?

గ్రీసు వెళ్ళేవాళ్ళు ముందు విమానం టికెట్లు కొంటారు, తర్వాత గది బుక్ చేస్తారు, బయల్దేరడానికి వారం ఉందనగా ఆ ఊరికి ఎలా చేరాలో చూసుకుంటారు. శాంటోరినికైతే అలా జరిగిపోతుంది. క్రీటు ద్వీపం దక్షిణపు ఒడ్డున ఉన్న లూట్రోకి జరగదు. ఆ ఊరికి రోడ్డు లేదు. హోరా స్ఫాకియోన్ రేవులో పడవెక్కాలి, లేదంటే సముద్రం పక్కన కొండ అంచున కాలిబాట పట్టుకోవాలి. కాబట్టి ప్లాను వేసేటప్పుడు చివరి పడవ టైము దగ్గర మొదలుపెట్టి, బస్సు, ఓడ, విమానం అంటూ వెనక్కి రావాలి. అడిగిన వాళ్ళందరికీ ఇదే చెప్తుంటాను. అయినా ద్వీపం ఉత్తరపు ఒడ్డున ఉన్న హన్యా నుంచి మ్యాపులో డెబ్భై కిలోమీటర్లే కదా అని సాయంత్రానికి ద్వీపంలో దిగేలా టికెట్లు కొంటారు. ఆ వేళకి కొండ దాటే బస్సు దొరకదు. టాక్సీకి వంద యూరోల పైన పోసి రేవుకి చేరినా పడవ ఉండదు. లూట్రోలో గది అద్దె, స్ఫాకియాలో (హోరా స్ఫాకియోన్‌నే అలా అంటారు) ఇంకో గది అద్దె, ఒక్క రాత్రికి రెండూ కట్టాలి.

నాకు నచ్చిన దారి ఇది. హైదరాబాదు నుంచి దుబాయో దోహాయో మీదుగా ఏథెన్సు. ఎయిర్‌పోర్టు నుంచి పిరేయస్ రేవుకి మెట్రో 3వ లైను 2022 అక్టోబరు నుంచి నేరుగా వెళ్తోంది. అర్ధరాత్రి దిగినవాళ్ళకి ఎక్స్96 బస్సు ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. పిరేయస్‌లో రాత్రి తొమ్మిది, పది మధ్య ఓడెక్కితే తెల్లవారేసరికి క్రీటులోని సూదా రేవు. అక్కడి నుంచి ఏడు కిలోమీటర్లు సిటీ బస్సులో వెళ్తే హన్యా (టికెట్ల మీద చానియా అని కనిపించేది ఇదే). ఒక రాత్రి హోటలు ఖర్చు తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, పొద్దున బస్సు మన చేతిలో ఉంటుంది. విమానంలో వస్తే గంటలోపే దిగొచ్చు గానీ, పొద్దున విమానం దొరికితేనే ఆ లాభం. ఓడలో సీటు టికెట్టు కొన్నవాళ్ళు శాలువా పట్టుకెళ్ళాలి, రాత్రంతా ఏసీ గడ్డకట్టిస్తుంది. పిల్లలో పెద్దవాళ్ళో ఉంటే క్యాబిన్‌కి డబ్బులు పెట్టడమే మంచిది.

వీసా సంగతి త్వరగా చెప్పేస్తాను. షెంగెన్ వీసా కావాలి, ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సర్వీసు చార్జీలు వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు పెట్టొచ్చు. 15 రోజుల్లో తేల్చాలన్నది రూలు, 45 రోజుల దాకా సాగొచ్చు. వేసవికి స్లాట్లు దొరకవు, ఫిబ్రవరి, మార్చిలోనే చూసుకోవాలి. ఇన్సూరెన్సు కనీసం 30 వేల యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్ళ లోపు ఇచ్చినదై, అక్కడి నుంచి తిరిగొచ్చాక ఇంకో మూడు నెలలు చెల్లేలా, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. లూట్రోలో గదులు ఎక్కువగా చిన్న కుటుంబాలు నడిపేవి. బుకింగ్ కాగితం మీద అందరి పేర్లూ, తేదీలూ, ఊరి చిరునామా స్పష్టంగా వేయించుకోండి. ఇద్దరి గదికి ఒకరి పేరే ఉంటే రెండోవాళ్ళ ఫైలు దగ్గర ప్రశ్న వస్తుంది.

ఇక బస్సు. ఈ యాత్రలో నాకు సముద్రం కన్నా ఎక్కువ గుర్తుండిపోయింది హన్యా నుంచి హోరా స్ఫాకియోన్‌కి పోయే ఈ ప్రయాణమే. టికెట్టు బస్టాండు కౌంటర్లో గానీ ఆన్‌లైన్లో గానీ ముందే కొనాలి. డిక్కీలో పెట్టె పెట్టేటప్పుడు "స్ఫాకియా" అని గట్టిగా చెప్పాలి, దారిలో దిగేవాళ్ళ సామాను వేరే వైపు సర్దుతారు. పల్లెలకి పార్సిళ్ళు చేరేది కూడా ఈ బస్సులోనే. మందుల డబ్బా, మోటారు విడిభాగం, మొక్కల ట్రే, ఏదో ఒకటి డ్రైవరు చేతికిచ్చి ఊరి పేరు చెప్తారు. ఆ ఊళ్ళో మలుపు దగ్గర ఎవరో నిలబడి ఉంటారు, బస్సు పూర్తిగా ఆగకముందే అది చేతులు మారిపోతుంది.

వ్రీసెస్ దాకా ఉత్తరపు హైవే, ఆలివ్ తోటలు, నిద్ర పట్టేంత సాఫీ. అక్కడ దక్షిణానికి తిరగ్గానే ఎక్కుడు మొదలవుతుంది. ఓక్ చెట్లు, మేకలు, వాటి మెడల్లో గంటలు. ఏడు వందల మీటర్ల ఎత్తు దాటాక అస్కిఫూ మైదానం తెరుచుకుంటుంది, చుట్టూ కొండలు, మధ్యలో బంగాళాదుంప మళ్ళు. మే నెలలో కూడా పొద్దున స్వెట్టరు కావాలి. ఇంబ్రోస్ ఊళ్ళో లోయ నడిచేవాళ్ళు దిగిపోతారు. అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్లు నడిస్తే కిందనున్న కొమితాదెస్‌లో తేలతారు. బస్సు మాత్రం ఇంకాస్త ముందుకు పోయి ఒక్కసారిగా అంచుకి వస్తుంది. కింద లిబియన్ సముద్రం. అంత పెద్ద బస్సు ఆ హెయిర్‌పిన్ మలుపుల్లో ముందు చక్రాలు రోడ్డు చివరిదాకా తెచ్చి, ముక్కు గాల్లోకి చాచి తిరుగుతుంది. వాంతులయ్యేవాళ్ళు వ్రీసెస్ కన్నా ముందే మాత్ర వేసుకుని ముందు సీట్లో కూర్చోవాలి. కొండ మీద వేసుకుంటే అది పనిచేసేలోపు మలుపులే అయిపోతాయి.

1941 మే చివర్లో జర్మన్ సేన ముందు వెనక్కి తగ్గిన బ్రిటిష్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు ఈ దారినే దిగారు. అప్పట్లో రోడ్డు కొండ పైనే ఆగిపోయేది, మిగతాది మేకల బాట. రాత్రుళ్ళు యుద్ధనౌకలు వచ్చి వేలమందిని తీసుకుపోయాయి. జూన్ 1 తర్వాత నౌకలు రాలేదు. ఒడ్డున మిగిలిన సుమారు 5 వేల మంది బందీలయ్యారు. ఈ మలుపులు దిగుతూ ఆ సంగతి తల్చుకుంటే, గాయాలతో, దాహంతో ఇక్కడ చీకట్లో నడవడమంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది.

రేవులో టికెట్ల గది చిన్నది. బోర్డు మీద లూట్రో, అయా రూమెలి, గవ్దోస్ అన్నీ ఉంటాయి. ఒకే రేవులో వేర్వేరు పడవలు ఆగుతాయి కాబట్టి ఎక్కేముందు అడగాలి. పడవ చూడగానే మన గోదావరి పంటు గుర్తొస్తుంది. ముందు ఇనప పలక దించి ఒడ్డుకి ఆనిస్తారు, మనుషులూ, కూరగాయల పెట్టెలూ, గ్యాస్ సిలిండర్లూ దాని మీదుగానే ఎక్కుతాయి. చక్రాల సూట్‌కేసు ఆ పలక మీద తడిగా ఉన్నప్పుడు జారుతుంది. వీపు సంచి అయితే ఏ బాధా లేదు. ప్రయాణం ఇరవై నిమిషాలు. కుడివైపు రెయిలింగు దగ్గర నిలబడితే గ్లికా నేరా బీచ్ కనిపిస్తుంది, గులకరాళ్ళ కింద మంచినీటి ఊటలున్న చోటు.

వేసవిలో రోజుకి కొన్ని ట్రిప్పులుంటాయి, చలికాలంలో వారానికి కొన్నే. టైము పట్టిక సీజన్లోనే మధ్యలో మారుతుంది కాబట్టి నిరుటి ఫొటోలు నమ్మొద్దు, పడవ కంపెనీ సైటులో ఆ నెల పట్టిక చూడాలి. నవంబరు నుంచి ఈస్టర్ ముందు దాకా ఊరు దాదాపు మూతే. నా లెక్కలో మే చివర నుంచి జూన్ సగం వరకు, మళ్ళీ సెప్టెంబరు మంచికాలం. సెప్టెంబరులో నీళ్ళు వెచ్చగా ఉంటాయి, పిల్లలున్నవాళ్ళకి అదే మేలు.

గాలి గురించి తెలియకుండా ఇక్కడికి రాకూడదు. జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి వీస్తుంది. లెఫ్కా ఓరి కొండలు 2,400 మీటర్లు దాటి ఉన్నాయి. గాలి వాటిని దాటి లోయల్లోంచి కిందికి విసురుగా దూకుతుంది. బైబిలు చదివినవాళ్ళకి ఈ చోటు తెలిసే ఉంటుంది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ చలికాలం గడపడానికి చేరాలనుకున్న ఫీనిక్సు రేవు ఇక్కడిదే, లూట్రో పక్కన. ఊరకులోను అనే పెనుగాలి క్రేతు (అంటే క్రీటే) మీది నుంచి విసిరి ఆ ఓడని బయటికి ఈడ్చుకుపోయింది. ఇప్పటికీ గాలి తత్వం అదే. ఒడ్డున నీళ్ళు అద్దంలా కదలకుండా కనిపిస్తాయి, ఎందుకంటే గాలి నేల వైపు నుంచి వస్తోంది, అలలు లేవవు. గాలి నింపిన పరుపు మీద పిల్లవాడిని వదిలితే నిమిషాల్లో లోతుకి వెళ్ళిపోతాడు. అలాంటివి ఇక్కడ వాడొద్దు. కయాకు అద్దెకి తీసుకుంటే పొద్దున్నే వెళ్ళి రావాలి, ఒడ్డు వెంబడే పోవాలి. గాలి ముదిరిన రోజున పడవలు కూడా ఆగిపోతాయి.

బీచ్ ఊరి ముందే, గులకరాళ్ళది. నీళ్ళలో వేసుకునే చెప్పులు లేకపోతే మధ్యాహ్నం రాళ్ళు కాళ్ళు కాలుస్తాయి, బండల దగ్గర సముద్రపు ముళ్ళజీవులు గుచ్చుకుంటాయి. గదులు రెండు రకాలు: నీళ్ళ మీదికి బాల్కనీ ఉన్నవి, వెనక మెట్లెక్కేవి. ముందు వరసలో కింద హోటళ్ళ మాటలు రాత్రి దాకా వినపడతాయి, అద్దె కూడా ఎక్కువ. నేనైతే వెనక వరసే ఎంచుకుంటాను. అద్దె కాక ప్రభుత్వానికి గదికి, రాత్రికి ఇంత అని పన్ను ఉంటుంది. 2025 నుంచి ఏప్రిల్–అక్టోబరు నెలల్లో చిన్న హోటళ్ళకి 2 యూరోలు, మూడు స్టార్లకి 5. బుకింగులో చాలాసార్లు కలిసి ఉండదు, అక్కడ కట్టాలి. నగదు హన్యాలోనే తీసుకోండి. లూట్రోలో నగదు దొరక్కపోతే పడవెక్కి వెనక్కి రావాలి. ప్లగ్గు మన రెండు గుండ్రటి పిన్నులది పడుతుంది, మూడు పిన్నులది పట్టదు.

తిండి దగ్గర నేను ఎదురుచూడని సంతోషం ఒకటి దొరికింది. వేసవిలో "హోర్తా" అని అడిగితే వ్లీతా అనే ఆకుకూర ఉడకబెట్టి, నిమ్మకాయ పిండి, ఆలివ్ నూనె పోసి ఇస్తారు. అది తోటకూర జాతే. సలాడ్లో పుల్లగా నలిగే గ్లిస్త్రీదా మన గంగవాయిలి కూర. పప్పులో తప్ప తినని ఆ కూరని పచ్చిగా టమాటాతో తింటే ఇంత బాగుంటుందని అక్కడే తెలిసింది. వంటకాల ట్రేలు అద్దం వెనక పెడతారు, వేలు పెట్టి చూపించొచ్చు. శాకాహారులు "నిస్తీసిమో" అని అడిగితే ఉపవాసపు వంట అని అర్థమవుతుంది: మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ ఆ ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్ తినొచ్చు, కాబట్టి అదొక్కటే చెప్పి ఊరుకోకూడదు. టమాటాల్లో అన్నం కూరిన గెమిస్తా, ద్రాక్షాకుల దోల్మాదెస్‌లో ఒక్కోచోట ఖీమా కలుస్తుంది. "హోరిస్ క్రేయాస్", మాంసం లేకుండా అని అడగాలి. బార్లీ రస్కు మీద టమాటా, మిజీథ్రా చీజు వేసే దాకోస్, తేనె పోసిన స్ఫాకియా పీతా భయం లేకుండా తినొచ్చు. అడగకుండానే రొట్టె బుట్ట తెచ్చి తలకి ఒకటి రెండు యూరోలు వేయడం నాకు కోపం తెప్పిస్తుంది. వద్దంటే తీసుకెళ్ళిపోతారు, కానీ ముట్టుకోకముందే చెప్పాలి. చేప ధర కిలోకి రాసి ఉంటుంది, తూకం వేయించాకే సరే అనండి. రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టక్కర్లేదని చట్టమే చెప్తోంది, ఆ బోర్డు ప్రతి హోటల్లో ఉంటుంది.

ఇంటి నుంచి పొడులు, ఊరగాయలు తీసుకెళ్ళొచ్చు, నూనె కారకుండా రెండు కవర్లు వేయాలి. నెయ్యి, పాలకోవా, నెయ్యి రాసిన పూతరేకులు వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ఐరోపా యూనియన్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకూ అంతే.

నడిచేవాళ్ళకి మూడు దారులు. గ్లికా నేరాకి గంట; అరదెనా లోయ చివరనున్న మర్మరా బీచ్‌కి గంటన్నర దాకా; వెనకనున్న కొండెక్కి అనోపోలికి ఆరు వందల మీటర్ల ఎత్తు. పైకి ఎక్కేది పొద్దున ఏడు లోపే మొదలుపెట్టాలి, నీడ అన్నది లేదు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. పడవలు ఆగిన రోజున బయటపడే దారి కూడా ఈ అనోపోలి బాటే. పైన రోడ్డు ఉంది, టాక్సీ పిలిపించుకోవచ్చు. అందుకే సామాను వీపు మీద మోయగలిగినంతే ఉండాలన్నది నా పట్టుదల.

తిరుగు ప్రయాణంలో పొద్దున పడవే పట్టండి. సాయంత్రం పడవ సమారియా లోయ పదహారు కిలోమీటర్లు నడిచి అయా రూమెలిలో ఎక్కినవాళ్ళతో కిక్కిరిసి వస్తుంది, స్ఫాకియాలో వాళ్ళందరూ ఒకేసారి బస్సుల మీద పడతారు. ఆ బస్సు పడవ కోసం ఆగుతుంది గానీ సీటు కోసం హామీ ఉండదు. విమానమో ఓడో ఏ రోజైతే, దాని ముందు రాత్రి హన్యాలో గది తీసుకోండి. గాలికి ఒక రోజు పోయినా టికెట్టు పోదు.