ఇంగ్లిషు ‘పబ్లిక్’ నుంచి ఫ్రెంచికి, పోరంబోకు మీదుగా

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పై చదువులకు పారిస్‌కో మాంట్రియాల్‌కో వెళ్లే పిల్లలు పెరిగిన కొద్దీ, వాళ్ల ఇళ్లలో బీరువాల అడుగున దాచిన ఆస్తి కాగితాలకు ఫ్రెంచి అనువాదం కావలసి వస్తోంది. పట్టాదారు పాసు పుస్తకం, అడంగల్, 1-బి నకలు, తండ్రి ఉద్యోగ ధ్రువపత్రం, కంపెనీ వాటాల కాగితాలు ముందు ఇంగ్లిషులోకి మారి, ఆ తరువాత నా దగ్గరికి వస్తాయి. డిగ్రీ పిల్లలకు ఫ్రెంచి చెబుతూ తీరిక వేళల్లో ఈ పని చేసే నాకు, చట్టపు పరిభాష కన్నా ఎక్కువ శ్రమ కలిగించే మాటలు పబ్లిక్, ప్రైవేటు అనే రెండే. రెండు భాషల్లోనూ అవి దాదాపు ఒకే రూపంలో ఉండటం వల్ల, తడుముకోకుండా ఒకదాని చోట మరొకటి పెట్టేయాలని చెయ్యి ఉబలాటపడుతుంది. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది.

ఇంగ్లిషు పబ్లిక్ అనే ఒక్క మాటలో కనీసం మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఆస్తి ప్రభుత్వానిదని ఒక అర్థం, ఎవరైనా వాడుకోవచ్చునని ఒక అర్థం, ఎవరైనా డబ్బు పెట్టి అందులో వాటా కొనవచ్చునని మరొక అర్థం. కంపెనీల విషయంలో ఈ మూడో అర్థమే చెల్లుతుంది. మన దేశంలో పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అంటే సర్కారు కంపెనీ కాదన్నది వ్యాపారంలో ఉన్నవారందరికీ తెలుసు. అదే మాటను ఫ్రెంచిలో ‘ఆంత్రప్రీజ్ ప్యుబ్లిక్’ అని రాస్తే, చదివే అధికారి దాన్ని ప్రభుత్వ సంస్థగానే తీసుకుంటాడు, ఎందుకంటే ఫ్రెంచిలో ఆ మాటకు వేరే అర్థం లేదు. అక్కడ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీకి దగ్గరగా ఉండేది ‘సొసియెతే అనొనీమ్’. దాని వాటాలు స్టాక్ మార్కెట్లో అమ్ముడవుతుంటే ‘కొతే ఆఁ బుర్స్’ అని చేర్చాలి. మన ప్రైవేట్ లిమిటెడ్‌కు అక్కడి పరిమిత బాధ్యత సంఘం సరిపోతుంది, అయితే మన 2013 కంపెనీల చట్టం 200 మంది సభ్యుల వరకు అనుమతిస్తుండగా అక్కడ హద్దు 100 మందే. ఒక కంపెనీని మార్కెట్ నుంచి ఉపసంహరించి యజమానులు మళ్లీ తమ చేతిలోకే తీసుకోవడాన్ని కూడా ఇంగ్లిషువారు ప్రైవేటు కావడమనే అంటారు. ఫ్రెంచిలో ‘ప్రివతిజే’ అంటే ప్రభుత్వం తన ఆస్తిని అమ్మివేయడం. 1982లో ఫ్రాన్సు పెద్ద బ్యాంకులను, పరిశ్రమలను జాతీయం చేసి, 1986 చట్టంతో వాటిలో చాలావాటిని అమ్మడం మొదలుపెట్టింది కాబట్టి, ఆ మాట వినగానే అక్కడివారికి ఆ చరిత్రే గుర్తుకు వస్తుంది.

బడుల సంగతి మనకు మరింత తేలికగా అర్థమవుతుంది. ఇంగ్లండులో 1440లో స్థాపించిన ఈటన్ వంటి ఫీజుల బడులను పబ్లిక్ స్కూళ్లంటారు, ఆ పేరునే మన ఊళ్లలో ప్రైవేటు బడులు బోర్డుల మీద రాసుకున్నాయి. ఫ్రాన్సులో ‘ఎకోల్ ప్యుబ్లిక్’ అంటే 1881, 1882 నాటి జూల్ ఫెరీ చట్టాలు నిలబెట్టిన ఉచిత సర్కారు బడి. మన ఎయిడెడ్ పాఠశాలకు మాత్రం అక్కడ చక్కని జోడీ ఉంది. 1959 నాటి దెబ్రే చట్టం ప్రకారం ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న ప్రైవేటు బడులకు ఉపాధ్యాయుల జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. అందుచేత ఎయిడెడ్ బడిలో పనిచేసిన తండ్రి సర్వీసు ధ్రువపత్రాన్ని నేను ‘ఎకోల్ ప్రివే సు కోంత్రా’ అనే అనువదిస్తాను, చదివేవారికి వివరణ అవసరం ఉండదు.

అసలు కష్టం భూమి దగ్గర మొదలవుతుంది. ఇంగ్లిషు పత్రంలో ప్రభుత్వ భూమి అన్నదానికి ఒకే మాట కనిపిస్తుంది. ఫ్రెంచి చట్టం మాత్రం ప్రభుత్వ ఆస్తినే రెండుగా విడదీసింది: ‘దొమెన్ ప్యుబ్లిక్’ ఒకటి, ‘దొమెన్ ప్రివే’ మరొకటి. రెండింటికీ యజమాని ప్రభుత్వమే. ప్రజలు నేరుగా వాడుకునేదీ, ప్రజాసేవ కోసం ప్రత్యేకంగా అమర్చినదీ మొదటి దానిలోకి వస్తుంది. దానిని అమ్మరాదు, ఎన్నేళ్లు అనుభవించినా ఎవరికీ హక్కు సంక్రమించదు. రాజు తన రాజ్యపు భూములను అన్యాక్రాంతం చేయకూడదని 1566లో మూలాఁ శాసనం చెప్పిన నియమం దీనికి మూలం. రెండోది ప్రభుత్వం దాదాపు మామూలు యజమానిలాగా చేతిలో ఉంచుకునే ఆస్తి. విచిత్రమేమిటంటే ఫ్రాన్సులో ప్రభుత్వ అడవులు చట్టం దృష్టిలో ఈ రెండో దానిలోకే వస్తాయి. పల్లెల్లో అందరూ నడిచే పొలం దారులు కూడా కమ్యూన్ వారి, అంటే మన పంచాయతీ వంటి స్థానిక సంస్థ వారి, ‘దొమెన్ ప్రివే’లోనివే. ఈ మాటను ఇంగ్లిషులోకి తెచ్చి ప్రైవేటు భూమి అని రాసేవారిని నేను చూశాను. అలా రాస్తే ప్రభుత్వపు అడవి ఒక వ్యక్తి సొత్తయిపోతుంది.

ఈ విభజనను ఇంగ్లిషు ద్వారా అర్థం చేసుకోబోయి చాలాకాలం తికమక పడవలసి వస్తుంది గానీ, మన రెవెన్యూ పద్దుల్లో పుట్టి పెరిగినవారికి ఇది కొత్త కాదు. సర్కారు భూమే అయినా పోరంబోకు వేరు, బంజరు వేరు. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, దారి పోరంబోకు, మేత పోరంబోకు, శ్మశానం అంటూ అడంగల్లో ఒక్కొక్క సర్వే నంబరు ఎదుట రాసి ఉండే మాట ఆ నేల ఎవరిదో చెప్పడంతో ఆగకుండా దేనికోసమో చెబుతుంది. ఫ్రెంచివారు ‘అఫెక్తాసియోఁ’ అనేది కూడా సరిగ్గా దీనినే. బంజరు మాత్రం దరఖాస్తు పెట్టుకున్న పేదకు పట్టా ఇవ్వగలిగిన భూమి. మా వీధిలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఒకరున్నారు. పోరంబోకును పట్టా చేయడం కుదురుతుందా మామా అని అడిగితే, “నేరుగా కుదరదమ్మాయ్. ముందు అక్కడ నీళ్లు నిలవట్లేదు, జనం వాడట్లేదు అని తేల్చాలి, తరవాత పద్దు మార్చి బంజరులోకి తేవాలి, అప్పుడే పట్టా. పద్దు మార్చకుండా ఇస్తే ఆ పట్టా కోర్టులో నిలవదు” అన్నారు. 2006లో అమలులోకి వచ్చిన ఫ్రెంచి ప్రభుత్వ ఆస్తుల కోడు చెప్పేదీ ఇదే క్రమం. ముందు వాడుక ఆగిపోవాలి, తరువాత ‘దెక్లాస్మాఁ’ ఉత్తర్వు, అంటే పద్దు మార్చే ఉత్తర్వు, రావాలి, ఆపైనే అమ్మకం. లండన్‌లో అచ్చయిన నిఘంటువు ఇవ్వలేని జవాబు మా కరణాల పద్దులో దొరికింది. అప్పటి నుంచి ప్రభుత్వ భూమి అనే ఇంగ్లిషు మాట ఎదురైన ప్రతిసారీ తెలుగు మూలం తెప్పించుకుని, అది పోరంబోకా బంజరా అని చూసిన తరువాతే ఫ్రెంచి మాటను ఎంచుకుంటాను.

యాజమాన్యం అనే మాటకు కూడా ఇదే జాగ్రత్త కావాలి. 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడు 544వ అధికరణం ‘ప్రొప్రియెతే’ను ఆస్తిని అనుభవించే, ఇష్టప్రకారం వినియోగించే అత్యంత సంపూర్ణమైన హక్కుగా నిర్వచించింది, చట్టం నిషేధించిన విధంగా వాడకూడదన్నదే దానికి హద్దు. ఇంగ్లిషు న్యాయంలో, 1066 తరువాత నేల అంతా సిద్ధాంతరీత్యా రాజుది, మిగిలినవారు దానిమీద హక్కును మాత్రమే కలిగి ఉంటారు. రైత్వారీ పట్టాను ‘ప్లెన్ ప్రొప్రియెతే’, అంటే పూర్తి యాజమాన్యం, అనడానికి నాకు అభ్యంతరం లేదు. డి.కె.టి. పట్టాను అలా అనడానికి మాత్రం మనసొప్పదు. పేదకు ఇచ్చిన ఆ అసైన్డు భూమి వారసులకు దక్కుతుంది గానీ, 1977 చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. ఈ మధ్య వచ్చిన సవరణలు కొంత సడలించినా మూలస్వభావం అదే. అనుభవం ఉండి అమ్మకం లేని చోట ‘ప్రొప్రియెతే’ అనే మాట అబద్ధమవుతుంది. ప్రభుత్వం కేటాయించిన, వారసులకు సంక్రమించే, ‘అఁసెసీబ్ల్’ (ఇతరులకు బదిలీ చేయరాని) భూమి అని నాలుగు మాటలు ఎక్కువైనా రాస్తాను.

పాత వెంకటగిరి సంస్థానపు గ్రామాల కాగితాలు వచ్చినప్పుడు ఇంకొక లోతు కనిపిస్తుంది. 1908 నాటి మద్రాసు ఎస్టేటు భూముల చట్టంలో ప్రైవేటు భూమి అంటే రైతు సొంత భూమి కాదు. జమీందారు తన కింద ఉంచుకుని సొంత పశువులతో, పాలేర్లతో సాగుచేయించుకున్న కమతం, అంటే సేరి భూమి. రైతుల సాగులో ఉన్నది దానికి భిన్నమైన ‘రైతీ’ భూమి. 1948 చట్టంతో జమీందారీలు రద్దయినప్పుడు ఎవరికి ఏ పట్టా రావాలన్న తగాదాలన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరిగాయి. దీనిని ఫ్రెంచిలో ‘తెర్రెన్ ప్రివే’ అని రాస్తే అర్థం పూర్తిగా తలకిందులవుతుంది. ఫ్రాన్సులోనూ ఒకప్పుడు ప్రభువులు తమ గ్రామంలో కొంత నేలను నేరుగా సాగుచేయించుకునేవారు, దానికి ‘రెజెర్వ్’ అని పేరు. కమతానికి అదే సరైన మాట.

ఉమ్మడి అన్నది మన భాషలో ఎంత తేలికైన మాటో, ఫ్రెంచిలోకి తెచ్చేటప్పుడు అంత విచారించవలసిన మాట. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి ‘అఁదివిజియోఁ’కు దగ్గర; ఎవరినీ ఉమ్మడిలో ఉండిపొమ్మని బలవంతపెట్టరాదని సివిల్ కోడు 815వ అధికరణం అంటుంది, మన దగ్గరా భాగం పంచమని అడిగే హక్కు ఉంది. ఊరుమ్మడి అలా పంచుకునేది కాదు. ఊరి మేత బీడును ఇంటికింత అని కొలిచి పంచితే మరునాటి నుంచి అక్కడ మేతా ఉండదు, ఊరుమ్మడీ ఉండదు. దానికి ఫ్రెంచిలో ‘కొమ్యునో’ అనే పాత మాట ఉంది. ఇక వరి కోతలయ్యాక పెన్నా కాలువల కింది మాగాణుల్లో గొర్రెల మందలు దుబ్బులు మేయడం చూసినవారికి, పట్టా భూమి కూడా కొన్నాళ్లు ఊరందరి మేతగా మారుతుందని తెలుసు. మంద తోలినవాడికి మేత, పొలం ఉన్నవాడికి ఎరువు. ఫ్రెంచి పల్లెల్లో ఇదే ఆచారాన్ని ‘వెన్ పాత్యూర్’ అన్నారు. 19వ శతాబ్ది చివరి చట్టాలు దాన్ని బాగా కుదించినా మాట మిగిలింది. ఇంగ్లిషులో పబ్లిక్ అన్నా ప్రైవేటు అన్నా ఈ సంగతి బయటే ఉండిపోతుంది. ఎవరికీ చెందని, అందరూ వాడుకునే వస్తువులు ఉన్నాయని చెప్పే 714వ అధికరణం నాకు ఆ కోడులో అన్నిటికన్నా ఇష్టమైనది.

చివరిగా చుక్కల భూములు. దాదాపు వందేళ్ల నాటి రీసెటిల్మెంటు రిజిస్టరులో సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు రాసి, పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసిన భూములివి. ఆ గడిని దగ్గరగా చూస్తే, పక్క వరుసల్లో పేర్లూ తండ్రుల పేర్లూ ఒత్తుగా ఉండగా, ఇక్కడ మాత్రం కలం మూడు నాలుగు చోట్ల ఆని ముందుకు పోయినట్టు ఉంటుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇటువంటివి ఎన్నో ఉన్నాయి. తరాలుగా దున్నుకుంటున్న కుటుంబాలు ఆ చుక్కల వల్ల నిషేధిత జాబితాలో పడి, అమ్ముకోలేక, అప్పు పుట్టక ఇబ్బందులు పడ్డాయి. 2017లో వీటికోసమే ఒక చట్టం వచ్చింది; 2023 మే నెలలో కావలి సభలో 2 లక్షల ఎకరాలకు పైగా భూములను ఆ జాబితా నుంచి తప్పిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఇంగ్లిషు అనువాదాల్లో వీటిని యజమాని లేని భూములని రాసినవి నా దగ్గరికి వస్తుంటాయి. దాన్ని అలాగే ఫ్రెంచిలోకి తెస్తే ‘బియఁ సాఁ మెత్ర్’ అవుతుంది. సివిల్ కోడు 713వ అధికరణం ప్రకారం అటువంటి ఆస్తి కమ్యూన్‌కు చెందుతుంది, అంటే అనువాదకుడి కలమే రైతు దగ్గర భూమి లాక్కున్నట్టవుతుంది. అందువల్ల నేను వీటిని రిజిస్టరులో హక్కుదారు పేరు నమోదు కాని భూములని ఫ్రెంచిలో రాసి, సాగులో ఉన్నవారి పేరును అడంగల్ నుంచి తీసి ఆ వాక్యంలోనే చేరుస్తున్నాను.